పస ఎత్తుకుపోయేవాళ్ళు

ఆ ఏడు వేసవి మొదట్లో మా ఇంట్లో వెన్న పడడం మానేసింది. మా అమ్మ గ్రిజెల్ పీపాలో మీగడ పోసి, కవ్వం ఆడించి ఆడించి భుజాలు పడిపోయి కూలబడేది గానీ, పైన నురగ తప్ప ఏమీ తేలేది కాదు. పీపా కింద వంకర నాణెం పెట్టింది. దిష్టికి విరుగుడని రోవన్ చెట్టు రెమ్మ కవ్వానికి ఎర్రదారంతో కట్టింది. ఉప్పు చల్లింది. చివరికి నన్ను తిట్టింది. అయినా నురగే.

"పాలు పాలలాగే ఉన్నాయే బెతీ. పస పోయింది" అంది, కవ్వం పక్కన పడేసి.

ఇంగ్లండుకు ఉత్తరాన మా గాలొవే కొండల్లో ఈ మాట ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. పసను మేం ఫూషన్ అంటాం. రొట్టె రొట్టెలాగే కనిపిస్తుంది, తింటే ఆకలి చావదు. గింజ గింజలాగే ఉంటుంది, చల్లితే మొలవదు. మంచి పొరుగువాళ్ళు వచ్చి లోపలి పసంతా ఎత్తుకుపోయి, పైరూపం మనకు వదిలేసి వెళ్తారు. కొండ లోపల కాపురం ఉండే, మనుషులు కాని వాళ్ళను మేం అలాగే పిలుస్తాం. అసలు పేరుతో పిలిస్తే వింటారని భయం. ఏ పనీ చేతకాని మనిషిని కూడా ఫూషన్ లేనివాడు అనే అంటాం. మా నాన్న బతికున్నన్నాళ్ళూ మా అమ్మ ఆయన్ను అదే మాటతో పిలిచింది. ఆయనా పాపం పలికేవాడు.

నేనైతే ఆ మాటను తిట్టుగానే విన్నాను, తిట్టుగానే వాడాను. అది పసిబిడ్డ మీద పడిన రోజున గానీ దానంటే నాకు భయం పుట్టలేదు.

ఆ బిడ్డ నా తమ్ముడు గావిన్ కొడుకు. నేను మొగుడు పోయి, పిల్లాజెల్లా లేక, పుట్టింటికి వచ్చి పడ్డదాన్ని. నా మరదలు మిరన్‌ది సముద్రం ఒడ్డు ఊరు. చేపల మధ్య పెరిగిన పిల్ల. పొలిమేర రాళ్ళూ కొండ గుట్టలూ దానికి కొత్త, అందుకని మాకంటే రెట్టింపు భయపడేది. పురుడు వచ్చిన వారం తిరక్కుండానే గావిన్ పశువుల మందతో ఇంగ్లండు సంతకు వెళ్ళిపోయాడు. మా పాస్టరుగారేమో జబ్బుపడి మంచం దిగలేదు. జ్ఞానస్నానం కాని పిల్లాడికి పేరు పెట్టుకున్నా పైకి పలకకూడదు. అందరం "వాడు", "వాడు" అనేవాళ్ళం.

మా అమ్మ మొదటి రోజే కోడలికి అన్నీ అప్పజెప్పింది. "ఊయల మీద ఇనప పటకారు అడ్డంగా పెట్టాలి. ఒంటరిగా వదలకూడదు. ఎవరైనా ముద్దుగా ఉన్నాడంటే ఉమ్మెయ్యాలి. వాళ్ళ వాటా వాళ్ళకు ముందు ఇచ్చెయ్యాలి. ఇస్తే జోలికి రారు."

మిరన్ అన్నీ పాటించింది. బిడ్డకు పాలిచ్చే ముందు ప్రతిసారీ పొయ్యి ముందరి బండ మీద తన పాలలోంచి ఆ వాటా పిండేది. మేం ఆవును పితికినప్పుడు మొదటి ధార నేలకే వదులుతాం, అందుకని అది నాకు వింతగా తోచలేదు. బిడ్డ పెరగడం లేదని తెలిశాక ఇంకాస్త ఎక్కువ పిండేది. మరీ చిక్కిపోయాక మరీ ఎక్కువ. పెదవులు కదుపుతూ, కళ్ళు మూసుకుని, దణ్ణం పెట్టుకుంటున్నట్టు పిండేది. ఆ వేసవిలో మా ఇంట్లో ఒళ్ళు చేసింది ఎవరైనా ఉంటే పిల్లి ఒక్కటే.

వాడి మొహం మెల్లమెల్లగా ముసలివాడి మొహం అయింది. చేతులు పుల్లలు. ఏడవడానికి నోరు తెరిచేవాడు గానీ గొంతు వచ్చేది కాదు. ఆ చప్పుడు లేని ఏడుపును వీలైనంత వరకూ చూడకుండా తిరిగేదాన్ని.

కింది లోయలో ఉండే యూఫన్ ముసలమ్మ ఒక పొద్దున వచ్చింది. చుట్టుపక్కల పురుళ్ళన్నీ పోసేది ఆమే, శవాలకు స్నానం చేయించేదీ ఆమే. ఊయలలోంచి వాడి చెయ్యి పైకెత్తి వదిలింది. ఆ చెయ్యి పడిపోయింది. మళ్ళీ ఎత్తి వదిలింది.

"ఒక్కసారైనా తుమ్మాడా?" అని అడిగింది.

మేం ముగ్గురం మొహాలు చూసుకున్నాం. తుమ్మగా ఎవరం వినలేదు.

"మారుపిల్లలు తుమ్మరు. పుట్టి ఇన్నాళ్ళయి తుమ్మని బిడ్డ మన బిడ్డ కాడు. ఫూషన్ లేదు గ్రిజెల్, ఇందులో. మీవాణ్ణి తీసుకెళ్ళి దీన్ని పడేసి పోయారు."

"దీన్ని" అంది, "వీణ్ణి" అనలేదు.

"మరిప్పుడు?" అంది అమ్మ.

"తెలియనట్టు అడుగుతావేం. పొలిమేర రాయి ఉంది గదా. తండ్రి రక్తం పంచుకున్న ఆడది తీసుకెళ్ళాలి. పొద్దు కొండ మీదికి వాలుతుండగా రాతి గుంటలో పడుకోబెట్టి, పక్కన గిన్నెడు పాలు పెట్టి రావాలి. వాగు దాటేదాకా వెనక్కి తిరక్కూడదు. పొద్దు గూకాక వెళ్ళి తెచ్చుకోవడమే. వాళ్ళది వాళ్ళు తీసుకుని మనది మనకిస్తారు."

"ఇవ్వకపోతేనో?" అన్నాను నేను.

"ఇవ్వకపోతే అదెలాగూ ఉండేది కాదు, బెతీ."

ఈ సంగతి నాకు తెలుసు. నా చిన్నప్పుడు పక్క కొండ వాళ్ళ పిల్లను అలాగే ఆ రాతి మీద పెట్టారు. మరునాడు గడ్డికి వెళ్ళి నేను చూశాను. గుడ్డలోంచి ఒక పాదం బయటికి వచ్చి ఉంది, తెల్లగా. పస లేనిది ఎన్నాళ్ళుంటుందిలే అన్నారు ఊళ్ళో. అందరూ ఆ మాటతోనే సరిపెట్టుకున్నారు, పిల్ల తల్లితో సహా.

"గావిన్ రానియ్యండి" అన్నాను. "వాడి బిడ్డ వాడు చూసుకుంటాడు."

"వాడొస్తే ఒప్పుకోడనే గదే ఈ తొందర" అంది అమ్మ. మా అమ్మ రాతిమనిషి కాదు. అంతా భయమే. ఆ ఇంట్లో ఆవేళ భయం తప్ప ఇంకోటి లేదు.

మిరన్ అడ్డుపడుతుందనుకున్నాను. ఊయల పట్టుకుని ఏడుస్తుంది, అప్పుడు దాని పక్కన నిలబడి నేనూ కాదనవచ్చు అని లోపల లెక్క వేసుకున్నాను. అది లేచి వచ్చి నా చేతులు రెండూ పట్టుకుంది.

"తీసుకెళ్ళు వదినా. ఆలస్యం చెయ్యకు. నా కొడుకు అక్కడ కొండ లోపల చలికి వణికిపోతున్నాడేమో."

నా లెక్క అక్కడే తప్పింది.

సాయంత్రం యూఫన్ నన్ను తనిఖీ చేసింది. ఒంటి మీద ఇనుము ఉండకూడదు. ఉంటే వాళ్ళు దగ్గరికి రారు. శాలువా సూది తీసేసింది, జేబులో చాకు తీసేసింది, బూట్లకు మేకులున్నాయని అవీ విప్పించింది. పుట్టిన దగ్గర్నుంచీ ఏదో ఒక ఇనప ముక్క లేకుండా నేను కొండ ఎక్కలేదు. గుడ్డలు ఊడదీసినట్టనిపించింది. ఒక చేత్తో వాణ్ణి, ఒక చేత్తో పాలగిన్నె పట్టుకుని ఉత్తికాళ్ళతో బయల్దేరాను. మిరన్ గుమ్మంలో నిలబడింది గానీ వాడి వైపు చూడలేదు. మారుపిల్లను ఆఖరిసారి చూసిన తల్లికి సొంత బిడ్డ దక్కడని యూఫన్ చెప్పింది.

దారి పొడుగునా గాలి. ఉల్లంకి పిట్ట ఒకటి నా వెంటే ఎగురుతూ కూస్తోంది. ఆ కూత ఎన్నో వేలసార్లు విన్నదాన్ని, ఆ సాయంత్రం మాత్రం అది ఎవరికో కబురు మోసుకెళ్తున్నట్టే ఉంది. వాడు నా భుజం మీద బరువే లేడు. ఎండుగడ్డి పిడికెడు కట్టి మోస్తున్నట్టుంది. నిజంగానే ఇందులో ఏమీ లేదు, ఉత్త పైరూపమే అనుకున్నాను. అలా అనుకుంటేనే కాళ్ళు కదిలాయి.

పొలిమేర రాయి మూడు కౌలు పొలాల సరిహద్దులు కలిసేచోట ఉంది. నడుమెత్తు ఉంటుంది, పైన పెద్ద గుంట. అందులో తొలి పాలు పోసి పోసి రాయి నున్నబడింది. శాలువాలో చుట్టి వాణ్ణి గుంటలో పడుకోబెట్టాను. గిన్నె తల దగ్గర పెట్టాను. వాడు నన్నే చూస్తున్నాడు. ఏడిస్తే తేలిగ్గా ఉండేదేమో. ఏడవలేదు.

"మీది మీరు తీసుకోండి. మాది మాకివ్వండి" అన్నాను, యూఫన్ నేర్పినట్టే. నా గొంతు నాకే పరాయిగా వినిపించింది.

వెనక్కి తిరిగి నడిచాను. వాగు ఎంతో దూరం లేదు. సగం దారిలో ఉండగా నా వెనక చప్పుడైంది.

ముందు రాతి మీద ఏదో దొర్లిన చప్పుడు. ఆ తర్వాత చిన్నగా, తడిగా, ఆబగా, చప్ చప్ చప్ మని ఎవరో తాగుతున్న చప్పుడు.

వచ్చేశారు. కాళ్ళు నేలకు అతుక్కుపోయాయి. ఉత్త పాదాల కింద చిత్తడి చల్లగా పైకి పాకుతోంది, అది నీళ్ళో ఏవైనా వేళ్ళో తెలియడం లేదు. తిరిగి చూసినవాళ్ళకు కళ్ళు పోతాయంటారు. కొందరికి మతి పోతుందంటారు. నేను చూడను, నేను చూడను అనుకుంటూ గుప్పిట్లు బిగించాను. దేవుడి ప్రార్థన మొదలుపెడితే రెండో మాట దగ్గరే మరిచిపోయాను. చప్ చప్ మని ఆగకుండా వినిపిస్తూనే ఉంది.

అప్పుడు వినిపించింది తుమ్ము.

బుల్లి తుమ్ము. వెంటనే ఇంకోటి.

మారుపిల్లలు తుమ్మరు. ఆ ముక్క ఆ పొద్దునే విన్నాను గదా. కోర్టులో బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పిన మాటను దొరలు నమ్మినంతగా నమ్మాను దాన్ని. కళ్ళు పోతే పోయాయని తిరిగి పరిగెత్తాను.

రాతి దగ్గర ఎవరూ లేరు. వాడు చెయ్యి విసిరాడో ఏమో, గిన్నె ఒరిగిపోయి ఉంది. పాలన్నీ వాడి మొహం మీదా శాలువా మీదా పడ్డాయి. తడిసిన శాలువా కొస నోట్లో పెట్టుకుని రెండు దవడలూ ఆడిస్తూ పీలుస్తున్నాడు. ముక్కులోకి పాలు పోయి మళ్ళీ తుమ్మాడు, మళ్ళీ అందుకున్నాడు. నేను ఆ కొస లాగితే వదల్లేదు. ఎండుగడ్డి పిడికెడులా ఉన్న ఆ బిడ్డ నాతో గుంజులాటకు దిగాడు.

శాలువా పిండి రెండు చుక్కలు నోట్లో వేశాను. గూట్లో పిట్టపిల్లలా నోరు తెరిచి ఇంకా అన్నాడు. గుంట అడుగున నిలిచిన పాలలో వేలు ముంచి పెడితే, ఆ వేలు వదలడు.

ఆకలి. ఇంకేం లేదు, ఆకలి.

పొయ్యి ముందరి బండ నా కళ్ళ ముందు మెదిలింది. దాని మీద కట్టిన తెల్లటి చార, దాన్ని నాకుతూ కూర్చున్న పిల్లి. వాణ్ణి కాపాడుకోవాలని ఆ వెర్రిది ఎంత భయపడితే అంత పిండింది, ఎంత పిండితే వాడికి అంత తక్కువైంది. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళం అది చూస్తూ తిరిగాం. నాకు ముందు కోపం వచ్చింది. యూఫన్ మీద, అమ్మ మీద, మిరన్ మీద, నా మీద, ఆ బలిసిన పిల్లి మీద. ఆ తర్వాత మళ్ళీ భయం వచ్చింది, ఈసారి కొండలో వాళ్ళంటే కాదు. ఇంట్లో వాళ్ళంటే.

ఇంటికెళ్ళి వాడికి ఆకలేసిందంతే అని చెబితే ఎవరు వింటారు? పొద్దు గూకకుండానే తెచ్చావు, పని చెడగొట్టావు అంటారు. మరుసటి రోజు యూఫనే తెచ్చి పడుకోబెడుతుంది, పాలగిన్నె కాస్త దూరంగా పెడుతుంది. పైగా మిరన్‌కు ఏమని చెప్పను? నీ బిడ్డ పస ఎత్తుకుపోయింది నువ్వేనే అని చెప్పాలా?

అందుకని అక్కడే కూర్చున్నాను. మా కొండల్లో ఆ వేళకు ఆ రాతి దగ్గర కూర్చున్న మనిషి నాకు తెలిసి నేనొక్కదాన్నే. వాణ్ణి రవికె లోపల ఒంటికి హత్తుకుని, వేలితో పాలు పెడుతూ, రాతికి వీపు ఆనించి కూర్చున్నాను. వాళ్ళు లేరని నాకేమీ రుజువు కాలేదు. ఆకలి ఉన్నంతమాత్రాన వాళ్ళు లేకుండా పోరు గదా. గడ్డి కదిలితే ఊపిరి బిగపట్టాను. నీడ పొడుగై నా కాళ్ళను దాటి వెళ్తుంటే కాళ్ళు ముడుచుకున్నాను. వాడు మాత్రం కడుపు నిండి నా ఎదమీద నిద్రపోయాడు, చిన్నగా గుర్రు కూడా పెట్టాడు.

పొద్దు గూకాక లేచి ఇంటికి వెళ్ళాను. అమ్మ, యూఫన్, మిరన్ గుమ్మంలోనే ఉన్నారు.

"ఇచ్చారు" అన్నాను.

మిరన్ వాణ్ణి లాక్కుని మొహం చూసింది. తడిసిన మొహం, కాస్త రంగు తిరిగిన బుగ్గలు. వాడు కళ్ళు తెరిచి సరిగ్గా అప్పుడే తుమ్మాడు. మిరన్ కింద కూర్చుండిపోయి ఏడ్చింది.

"చూశావా, కళ్ళే వేరు" అంది యూఫన్. "నేను చెప్పలా?"

"ఒక కబురు చెప్పి పంపారు" అన్నాను. "ఈ ఇంటి వాటా ఇక ముట్టిందంట. ఇకమీదట ఆ బండ మీద ఒక్క చుక్క పడినా ఒప్పందం చెడినట్టేనంట. ఉన్నదంతా వాడికే పట్టించాలంట. తల్లి కూడా జావ కాకుండా గట్టి తిండి తినాలంట."

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నీతో మాట్లాడారా? ఏ భాషలోనే?"

"మన భాషలోనే. నీకంటే మర్యాదగా."

ఆ తర్వాత వాడు పెరిగాడు. గావిన్ వచ్చేసరికి బుగ్గలొచ్చాయి. కొత్త గడ్డి మేసి ఆవులు చేపాయి, వెన్న కూడా పడింది. పాస్టరుగారు లేచి వచ్చి వాడికి రింగన్ అని పేరు పెట్టారు. భోజనాల దగ్గర అమ్మ ఆయనతో ఫూషన్ సంగతి ఎత్తింది. పాస్టరుగారికి మాటల పిచ్చి. అది ఫ్రాన్సు నుంచి వచ్చిన మాటనీ, అక్కడ సమృద్ధి అని అర్థమనీ, ఇంకా వెనక్కి రోము వాళ్ళ దగ్గరికి వెళ్తే అసలు అర్థం పోయడమనీ చెప్పారు. ఫ్రాన్సుతో మాకు యుద్ధం నడుస్తున్న రోజులు. శత్రువుల మాట ఇన్నాళ్ళూ నోట్లో పెట్టుకున్నానా అని అమ్మ తెగ బాధపడింది.

"పోయడం అన్న ముక్క మా మిరన్ దగ్గర అనకండి అయ్యగారూ" అన్నాను. ఆయనకు అర్థం కాక నవ్వారు.

ఆ సాయంత్రమే మిరన్ నన్ను కొట్టం వెనక్కి పిలిచింది.

"వదినా, ఒకటి అడుగుతా, తిట్టకు. ఆ ఇంకోడు ఏడ్చాడా?"

"ఏ ఇంకోడే?"

"నేను పాలిచ్చినోడు. నువ్వు అక్కడ వదిలేసినోడు. పస లేదన్నారు గానీ వదినా, నా వేలు పట్టుకునేవాడు. వాణ్ణి వాళ్ళు సరిగ్గా చూస్తున్నారో లేదో. నేను వాడి వంక చూడనైనా లేదు ఆఖర్న."

నోటిదాకా వచ్చింది. ఒక్కడే పిల్లా, ఇద్దరు లేరు, ఒక్కడే అని. కానీ ఇద్దరు లేరంటే మార్పిడే జరగనట్టు. అంటే రింగన్ ఇంకా ఆ కొండ పిల్లాడే. అమ్మ ఉంది, యూఫన్ ఉంది, రాయీ ఉంది.

"ఏడవలేదు" అన్నాను. అది నిజమే.

మరునాటి నుంచి మిరన్ పొలిమేర రాతికి పాలు మోయడం మొదలుపెట్టింది. బండ మీద పొయ్యకూడదన్నారు గానీ గిన్నెలో పెట్టకూడదనలేదుగా అంది. తన పాలు కాదు, ఆవు పాలు. వానలో వెళ్ళింది, మంచులో వెళ్ళింది. అమ్మ పోయింది, యూఫన్ పోయింది, గావిన్ పోయాడు. నిజం చెప్పినా ఇప్పుడు ఎవరూ రింగన్‌ను ఎత్తుకెళ్ళి రాతి మీద పెట్టలేరు, వాడు తలుపులో వంగి రావాల్సినంత మనిషి. అయినా చెప్పలేదు. ఆ పాలగిన్నె పట్టుకుని వెళ్ళే మిరన్ మొహం చూసి చెప్పగలిగినవాళ్ళెవరైనా ఉంటే వచ్చి చెప్పమనండి.

కిందటి చలికాలం దాని మోకాళ్ళు పూర్తిగా పట్టేశాయి. కొండ ఎక్కలేక కొడుకును పిలిచి, "నీకు బదులు అక్కడున్నోడు ఒకడున్నాడురా, నా పాలు తాగినోడే. రోజూ వాడికి ఈ గిన్నె పెట్టి రా" అంది. నేను పొయ్యి దగ్గర కూర్చుని వాడి మొహమే చూశాను. రింగన్ ఏమీ అడగలేదు. గిన్నె తీసుకుని గొర్రెల వెంట వెళ్ళాడు.

సాయంత్రం ఖాళీ గిన్నెతో వచ్చాడు.

"తాగాడా?" అంది మిరన్ మంచంలోంచి.

"చుక్క మిగల్చలేదమ్మా."

అది హాయిగా కళ్ళు మూసుకుంది. వాడు గిన్నె కడగడానికి నా దగ్గరికి వచ్చి వంగాడు. మీసాల మీద మీగడ ఉంది. నేను చూశానని గ్రహించి చేత్తో తుడుచుకున్నాడు.

"ఇంత మంచి పాలు రాతికి పోసి రావడానికి మనసొప్పలేదు అత్తా. అక్కడికి వెళ్ళేసరికి ఏమిటో విపరీతంగా ఆకలేసింది" అన్నాడు, గొంతు తగ్గించి. "అమ్మకు చెప్పకు."

"చెప్పన్రా" అన్నాను.